ఎడిటర్ అప్‌గ్రేడ్ చేశాక మా లైన్ హైట్ స్లైడర్ లాగుతుంటేనే వెనక్కి దూకుతోంది

విజయనగరం_వెబ్ అడిగారు:

అందరికీ నమస్కారం. గ్రేప్స్‌జెఎస్‌లో (బ్రౌజర్‌లోనే వెబ్ పేజీలు కట్టుకునే ఎడిటర్) సొంత స్టైల్ కంట్రోల్స్ రాసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చూడండి.

మాది చిన్న ఆఫీసు. కల్యాణమండపాలకి, కోచింగ్ సెంటర్లకి, గుళ్లకి సైట్లు చేసిస్తాం. పేజీలు కస్టమర్లే మార్చుకునేలా గ్రేప్స్‌జెఎస్ ఎడిటర్ పెట్టి ఇస్తాం. అందులో కుడివైపు స్టైల్ మేనేజర్‌లో లైన్ హైట్‌కి మేమే ఒక స్లైడర్ రాసుకున్నాం. ఎందుకంటే తెలుగు పేజీల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చే ఫిర్యాదు అదే. పై లైన్లో 'రాష్ట్ర' అని ఉండి, సరిగ్గా దాని కిందికి 'శ్రీ' వచ్చిందనుకోండి, పైదాని వత్తులు కిందదాని గుడిదీర్ఘం మీద ఎక్కేస్తాయి. ఇంగ్లీషు థీమ్‌లో ఉండే 1.2 మన లిపికి చాలదు. అందుకని 1 నుంచి 3 దాకా స్లైడర్, పక్కన అంకె టైప్ చేసుకోవడానికి చిన్న డబ్బా. కస్టమర్లకి బాగా అలవాటైపోయింది.

ఇప్పుడు ఎడిటర్‌ని చాలా పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చాం. పాతదాంట్లో మోడల్ (విలువని ఉంచుకునే భాగం), వ్యూ (దాన్ని తెరమీద చూపించే భాగం) రెండూ ఎక్స్‌టెండ్ చేసి రాసిన కోడ్ ఉండేది. దాన్ని డాక్యుమెంటేషన్‌లో చెప్పిన కొత్త పద్ధతిలోకి, అంటే క్రియేట్ (కంట్రోల్‌ని తయారుచేసేది), ఎమిట్ (దాని విలువని ఎడిటర్‌కి పంపేది), అప్‌డేట్ (ఎడిటర్‌లోని విలువని కంట్రోల్‌లో చూపించేది), డిస్ట్రాయ్ (చివర్లో శుభ్రం చేసేది) అనే నాలుగు ఫంక్షన్లలోకి మార్చాను. ఎర్రర్ ఏమీ లేదు, కన్సోల్ శుభ్రంగా ఉంది. కానీ స్లైడర్‌ని 1.8 వైపు లాగుతుంటే బొత్తం చేతిలో ఉండగానే 1కి వెళ్లిపోతోంది. పేజీలో మాత్రం లైన్ హైట్ 1.8 సరిగ్గానే పడుతోంది! కంట్రోల్ ఒకటి చూపిస్తోంది, పేజీలో ఇంకోటి ఉంది.

ఇంకో రెండు సమస్యలు. డబ్బాలో 1.7 కొడదామంటే చుక్క నిలబడటం లేదు. '1.' అనగానే '1' అయిపోతోంది. అన్‌డూ నొక్కితే ఒక్కసారికి వెనక్కి పోవడం లేదు, స్లైడర్ వెళ్లిన ప్రతి మెట్టుకీ ఒకసారి నొక్కాల్సి వస్తోంది.

పాత కోడ్‌లో మేం పంపిన విలువ మళ్లీ మా కంట్రోల్‌కే తిరిగి వచ్చేది కాదు. ఇప్పుడు అప్‌డేట్ ఫంక్షన్‌లో లాగ్ పెట్టి చూస్తే, నేను ఒక్కసారి లాగితే వరసగా అదే పిలుస్తోంది. ఇది బగ్గా, లేక ఇకమీదట ఇంతేనా? వారం చివర ఒక కల్యాణమండపం సైట్ అప్పజెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

---

రాత్రిడ్యూటీ జవాబు:

బ్రదర్, నాకూ ఇలాంటిదే వచ్చింది. అప్‌డేట్ ఫంక్షన్ మొదట్లో ఒక ఇఫ్ పెట్టండి: డాక్యుమెంట్ యాక్టివ్ ఎలిమెంట్ (ఇప్పుడు ఫోకస్ ఉన్నది) మన ఇన్‌పుట్టే అయితే ఏం చేయకుండా రిటర్న్. ఫోకస్ మన దగ్గరుంటే యూజర్ వాడుతున్నట్టే కదా, అప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. రెండు లైన్ల పని. దూకడం, చుక్క పోవడం రెండూ ఆగిపోతాయి.

---

లేఅవుట్_అక్క జవాబు:

విజయనగరం గారూ, ఇది బగ్ కాదు. మీ కోడ్‌ని కొత్త నాలుగు ఫంక్షన్లలోకి మార్చడం కూడా సరైన పనే. అయితే ఆ నాలుగింట్లో అప్‌డేట్ అనేది ఎప్పుడు నడుస్తుందో ముందు స్పష్టంగా తెలియాలి. మీరు చెప్పిన సమస్యల్లో రెండు అక్కడి నుంచే వస్తున్నాయి.

అప్‌డేట్ అంటే 'యూజర్ వేరే ఎలిమెంట్ ఎంచుకున్నాడు, నీ స్లైడర్ సర్దుకో' అని మాత్రమే అనుకుంటాం. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణ కోడ్‌లో పక్కన ఉన్న వ్యాఖ్య కూడా ఆ సందర్భాన్నే చెప్తుంది. నిజానికి ఆ ప్రాపర్టీ విలువ ఏ దారిలో మారినా అది నడుస్తుంది. వేరే ఎలిమెంట్ ఎంచుకున్నా, అన్‌డూ చేసినా, డెస్క్‌టాప్ నుంచి మొబైల్ వ్యూకి మారినా, క్లియర్ బొత్తం నొక్కినా, చివరికి మీ స్లైడరే విలువ పంపినా సరే. ఎమిట్‌లో మీరు అప్‌డేట్‌స్టైల్ పిలుస్తారు, అది మోడల్‌లో విలువ మారుస్తుంది, మోడల్ మారింది కాబట్టి వ్యూ మళ్లీ మీ అప్‌డేట్‌ని పిలుస్తుంది. విలువకి యజమాని మోడల్, మీ స్లైడర్ దాన్ని చూపించే అద్దం. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. పాత పద్ధతిలో కంట్రోల్, పేజీ రెండూ చెరో విలువ పట్టుకుని కూర్చుంటే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికి పూటలు పట్టేది.

ఇక 1.8 ఎందుకు 1 అవుతోందంటే, మీ అప్‌డేట్‌లో పార్స్‌ఇంట్ (దశాంశం వదిలేసి పూర్ణాంకం మాత్రమే తీసే ఫంక్షన్) ఉండి ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణ స్లైడర్ పిక్సెల్స్‌ది, అక్కడ పూర్ణాంకాలే వస్తాయి కాబట్టి పార్స్‌ఇంట్ సరిపోతుంది. మీరు 1.8 పంపారు, పేజీలో 1.8 పడింది, అదే 1.8 అప్‌డేట్‌కి తిరిగి వచ్చింది, పార్స్‌ఇంట్ దాన్ని 1 చేసింది, స్లైడర్ అక్కడికి వెళ్లింది. పేజీ ఒకటి, కంట్రోల్ ఒకటి చూపించడానికి కారణం ఇదే. దాని బదులు దశాంశాన్ని కూడా ఉంచే పార్స్‌ఫ్లోట్ పెట్టండి.

అదే ఉదాహరణలో ఎమిట్ చివర విలువకి పిఎక్స్ (పిక్సెల్స్ యూనిట్) తగిలిస్తారు. మీ దాంట్లో అది లేకుండా చూసుకోండి. పేజీలో 1.8 పడుతోందన్నారు కాబట్టి లేదనే అనుకుంటున్నాను, అయినా చెప్తున్నాను, తెలుగుకి ఇది చాలా ముఖ్యం. యూనిట్ లేని 1.7 ఇస్తే లోపలి ఎలిమెంట్లు దాన్ని గుణకంగా తీసుకుంటాయి. 16 పిక్సెల్స్ పేరాకి 27.2 పిక్సెల్స్, అదే సెక్షన్‌లో ఉన్న 40 పిక్సెల్స్ హెడ్డింగ్‌కి 68 పిక్సెల్స్ వస్తుంది. మీరు 27 పిక్సెల్స్ అని పెట్టేస్తే హెడ్డింగ్‌కి కూడా ఆ 27 పిక్సెల్సే దిగుతుంది. 40 పిక్సెల్స్ అక్షరాలు 27 పిక్సెల్స్ లైన్లలో! 'శ్రీ లక్ష్మీ కల్యాణ మండపం' అనే పేరు ఫోన్‌లో రెండు లైన్లుగా విరిగిందంటే వత్తులూ గుడిదీర్ఘాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

రాత్రిడ్యూటీ తమ్ముడు చెప్పిన ఫోకస్ చెక్ నేను పెట్టొద్దంటాను. చూడటానికి పనిచేసినట్టే ఉంటుంది. కానీ స్లైడర్ లాగి వదిలాక కూడా ఫోకస్ దాని మీదే ఉంటుంది. అప్పుడు యూజర్ పైన టూల్‌బార్‌లో అన్‌డూ నొక్కుతాడు.  ఆ బొత్తం మౌస్ నొక్కినప్పుడు బ్రౌజర్ డిఫాల్ట్ పనిని ఆపేసేలా రాసి ఉంటే, ఫోకస్ స్లైడర్ మీద నుంచి కదలదు. పేజీలో లైన్ హైట్ వెనక్కి పోతుంది, మీ అప్‌డేట్ మాత్రం 'ఫోకస్ నా దగ్గరే ఉంది' అని రిటర్న్ అయిపోతుంది. మళ్లీ స్లైడర్ ఒకటి, పేజీ ఇంకోటి. ఇప్పుడున్న సమస్యే ఇంకో చోట లేస్తుంది, అదీ కస్టమర్ చేతిలో.

దానికి బదులు విలువల్ని పోల్చండి. డబ్బాలో ఉన్నదాన్ని పార్స్‌ఫ్లోట్ చేయండి, వచ్చిన విలువనీ పార్స్‌ఫ్లోట్ చేయండి. రెండూ ఒకటే అయితే డబ్బాని ముట్టుకోవద్దు. మీ చుక్క ఇక్కడే నిలబడుతుంది: యూజర్ '1.' కొట్టాడు, మీరు ఎమిట్‌లో దాన్ని అంకెగా మార్చి '1' పంపారు, అప్‌డేట్‌కి '1' వచ్చింది. ఇప్పుడైతే ఆ '1'ని డబ్బాలో రాసేస్తున్నారు, చుక్క పోతోంది. పోలిస్తే '1.' కూడా 1, '1' కూడా 1, కాబట్టి రాయాల్సిన పనే లేదు. తర్వాత యూజర్ 7 కొడతాడు, 1.7 వెళ్తుంది. అన్‌డూ చేస్తే విలువ నిజంగా వేరే కాబట్టి అప్పుడు రాస్తారు. ఆ డబ్బా టెక్స్ట్ రకంగానే ఉంచి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ పెట్టండి. ఫోన్‌లో అంకెల కీబోర్డ్ వస్తుంది.

అన్‌డూ సంగతి వేరే. బ్రౌజర్‌లో స్లైడర్ లాగుతున్నంతసేపూ ఇన్‌పుట్ ఈవెంట్ వస్తుంది, వదిలినప్పుడు చేంజ్ ఈవెంట్ వస్తుంది. క్రియేట్‌లో రెండింటికీ వినండి. ఇన్‌పుట్‌కి మాత్రం క్రియేట్‌కి ఎడిటర్ ఇచ్చే చేంజ్ ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు పార్షియల్ ట్రూ అని పంపండి. ఎమిట్‌లో రెండో ఆర్గ్యుమెంట్‌గా అది మీకు వస్తుంది, దాన్ని అలాగే అప్‌డేట్‌స్టైల్‌కి అందించాలి. చాలామంది క్రియేట్‌లో పెట్టి, ఎమిట్‌లో అందించడం వదిలేస్తారు. పార్షియల్ అంటే 'ఇంకా లాగుతున్నాడు, పేజీలో చూపించు కానీ అన్‌డూ చరిత్రలో రాయకు' అని అర్థం. వదిలినప్పుడు వచ్చే చేంజ్ పార్షియల్ లేకుండా వెళ్తుంది, అది ఒక్కటే అన్‌డూలో మెట్టు అవుతుంది. డబ్బాకి కూడా ఇదే పద్ధతి.

---

విజయనగరం_వెబ్ జవాబు:

అక్కా, చాలా థాంక్స్. మీరు ఊహించినట్టు పార్స్‌ఇంటే ఉంది. పిఎక్స్ లేదు. చుక్క నిలబడింది, అన్‌డూ ఒక్క నొక్కుకే వెనక్కి పోతోంది.

కానీ స్లైడర్ ఇప్పుడు ఇంకోలా చేస్తోంది. డబ్బాలో 1.7 కొడితే పేజీలో 1.7 పడుతోంది, డబ్బాలో 1.7 ఉంటోంది, స్లైడర్ మాత్రం 2 దగ్గర ఆగుతోంది. 1.4 కొడితే 1కి వెళ్తోంది. ఇంకా, లైన్ హైట్ అసలు పెట్టని పేరాని ఎంచుకుంటే స్లైడర్ సరిగ్గా మధ్యలో, 2 మీద నిలబడుతోంది. అక్కడ నిజంగా 2 లేదు.

---

లేఅవుట్_అక్క జవాబు:

మొదటిది స్టెప్ (స్లైడర్ ఒక్కో మెట్టు ఎంత అనేది) రాయకపోవడం వల్ల. రేంజ్ ఇన్‌పుట్‌కి, అంటే బ్రౌజర్ సొంత స్లైడర్‌కి, స్టెప్ చెప్పకపోతే బ్రౌజర్ 1 అనుకుంటుంది. మినిమమ్ 1, స్టెప్ 1 అయితే నిలబడగల చోట్లు 1, 2, 3 మాత్రమే. 1.7 ఇస్తే దగ్గర్లో ఉన్న 2కి సర్దేస్తుంది. మరి మొదట్లో 1.8 ఎలా పంపగలిగారు? బహుశా క్రియేట్‌లో స్టెప్‌ని ప్రాప్స్ (ప్రాపర్టీ నిర్వచనంలో ఇచ్చినవి) నుంచి తీసుకుంటూ, ప్రాపర్టీ నిర్వచనం మార్చినప్పుడు ఆ లైన్ పోయి ఉంటుంది. చూసుకోండి. స్టెప్ 0.05 పెట్టండి. 0.1 అయితే తెలుగుకి కొంచెం మొరటుగా ఉంటుంది. మండలి ఫాంట్‌లో నాకు 1.65 కుదిరిన చోట 1.7 వదులుగా కనిపించింది. అది నా కన్ను, మీ ఫాంట్‌తో మీరే చూసుకోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. లైన్ హైట్ పెట్టని ఎలిమెంట్‌కి అప్‌డేట్‌లో ఖాళీ రాదు, ప్రాపర్టీకి మీరిచ్చిన డిఫాల్ట్ విలువ వస్తుంది. మీరు డిఫాల్ట్‌గా నార్మల్ అని ఇచ్చి ఉంటారు. పార్స్‌ఫ్లోట్‌కి 'నార్మల్' ఇస్తే అంకె కాదు అంటుంది. ఆ అంకె కానిదాన్ని రేంజ్ ఇన్‌పుట్‌లో పెడితే బ్రౌజర్ దాన్ని వదిలేసి మినిమమ్‌కి మాక్సిమమ్‌కి నడిమధ్యన నిలబెడుతుంది. 1కి 3కి మధ్య 2. అదే మీకు కనిపిస్తోంది. విలువ ఇన్‌హెరిట్ అని ఉన్నవి, సిఎస్ఎస్ వేరియబుల్‌తో రాసినవి, అన్నిటికీ ఇదే జరుగుతుంది.

అందుకని అప్‌డేట్‌లో ముందు అంకె అవునో కాదో చూడండి. కాకపోతే స్లైడర్‌ని డిసేబుల్ చేయొద్దు, యూజర్ లాగాలి కదా. దానికి ఒక సిఎస్ఎస్ క్లాస్ తగిలించి బొత్తాన్ని మసకగా చూపించండి. డబ్బాలో ఆ పదాన్ని విలువగా కాకుండా ప్లేస్‌హోల్డర్‌గా పెట్టండి. దాన్ని అంకెగా మార్చి మళ్లీ పంపే పని మాత్రం అస్సలు చేయకండి. నార్మల్ అంటే ఒక ఖాయమైన అంకె లేదు, ఫాంట్ లోపల రాసిన కొలతల్ని బట్టి మారుతుంది. మండలికి ఒకటి, రామభద్రకి ఒకటి, నోటో సాన్స్ తెలుగుకి ఇంకోటి. యూజర్ ఎంచుకున్నంత మాత్రాన ఆ పేరాకి మనం 2 రాసేస్తే, ముట్టుకోని పేరాలన్నీ ఒక్కోటీ మారిపోతాయి. ఎవరు మార్చారో కస్టమర్‌కి అర్థం కాదు.

---

రాత్రిడ్యూటీ జవాబు:

అక్క చెప్పిన పోలిక పద్ధతి నా కోడ్‌లో పెట్టి చూశాను, ఫోకస్ చెక్ తీసేశాను. బాగుంది. అన్‌డూ తర్వాత కూడా స్లైడర్ సరిగ్గా వస్తోంది.

ఒకటి కలుపుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మామూలు రేంజ్ ఇన్‌పుట్‌కి కోడ్‌లో నుంచి వాల్యూ పెడితే ఇన్‌పుట్, చేంజ్ ఈవెంట్లు రావు. కాబట్టి అది సొంతంగా లూప్ తిప్పదు. నేను నోయుఐస్లైడర్ అనే స్లైడర్ లైబ్రరీ వాడాను. దాంట్లో 'అప్‌డేట్' అనే ఈవెంట్‌కి వింటే, కోడ్‌లో నుంచి సెట్ చేసినా అది వస్తుంది. దాంతో ఎడిటర్ అప్‌డేట్ నా స్లైడర్‌ని సెట్ చేయడం, స్లైడర్ మళ్లీ ఎడిటర్‌కి పంపడం జరిగింది. ఎలిమెంట్ ఎంచుకోగానే ఎవరూ అడగకుండానే స్టైల్ రాసేసేది. ఇప్పుడు లాగుతున్నప్పటికి 'స్లైడ్', వదిలినప్పటికి 'చేంజ్' వింటున్నాను. ఆ రెండూ యూజర్ చేతితో కదిపితేనే వస్తాయి. ఏ లైబ్రరీ వాడినా ఇదొక్కటి ముందు చూసుకోండి: కోడ్‌తో పెట్టిన విలువకి కూడా ఈవెంట్ పంపుతుందా లేదా అని.

---

లేఅవుట్_అక్క జవాబు:

మంచి మాట చెప్పావు తమ్ముడూ. అదే వరసలో ఇంకోటి. డివ్‌తో సొంతంగా స్లైడర్ కట్టుకునేవాళ్లు మౌస్‌మూవ్, మౌస్‌అప్‌లని డాక్యుమెంట్‌కి తగిలిస్తారు. గ్రేప్స్‌జెఎస్ కాన్వాస్ (పేజీ కనిపించే భాగం) ఐఫ్రేమ్‌లో, అంటే లోపల వేరే డాక్యుమెంట్‌గా ఉంటుంది. లాగుతూ లాగుతూ కర్సర్ కాన్వాస్ మీదికి పోతే ఆ ఈవెంట్లు మీకు రాకపోవచ్చు, వదిలినా వదిలినట్టు తెలియదు. పాయింటర్ ఈవెంట్లు వాడి, నొక్కగానే సెట్‌పాయింటర్‌క్యాప్చర్ పిలవండి. ఇక డాక్యుమెంట్‌కి, విండోకి తగిలించినవి ఏమున్నా డిస్ట్రాయ్‌లో తీసేయాలి. ఆ ఫంక్షన్‌ని ఖాళీగా వదిలేసిన కోడ్ చాలా చూశాను. కంట్రోల్ పోయినా వినేవాళ్లు మిగిలిపోతారు.

---

విజయనగరం_వెబ్ జవాబు:

స్టెప్ సంగతి అక్క చెప్పిందే. కొత్త నిర్వచనంలో ఆ లైన్ లేదు. 0.05 పెట్టాక 1.7 దగ్గరే నిలబడుతోంది. నార్మల్ ఉన్నచోట బొత్తం మసకగా ఉంటోంది, కస్టమర్ ఒకాయన చూసి 'ఇక్కడ ఇంకా ఏమీ పెట్టలేదన్నమాట' అని తనంతట తనే చెప్పారు.

చివరి ప్రశ్న ఒకటే. మొబైల్ వ్యూకి మారితే స్లైడర్ డెస్క్‌టాప్‌లో పెట్టిన 1.65నే చూపిస్తోంది. మొబైల్‌కి మేం ఏమీ పెట్టలేదు. ఇది సరేనా, లేక ఇక్కడ కూడా మసకగా చూపించాలా?

---

లేఅవుట్_అక్క జవాబు:

అది సరైన ప్రవర్తనే. మొబైల్ మీడియా క్వెరీలో (ఆ తెర వెడల్పుకి మాత్రమే వర్తించే సిఎస్ఎస్ భాగంలో) సొంత విలువ లేనప్పుడు పైనున్న డెస్క్‌టాప్ రూల్ విలువే వర్తిస్తుంది కాబట్టి ఎడిటర్ దాన్నే అప్‌డేట్‌కి పంపుతుంది. పేజీలో కనిపించేది కూడా అదే. అక్కడ యూజర్ స్లైడర్ కదిపితే మొబైల్‌కి వేరే రూల్ పుడుతుంది. క్లియర్ నొక్కితే ఆ రూల్ పోయి మళ్లీ 1.65 కనిపిస్తుంది.

మసకగా వద్దు, ఎందుకంటే ఇక్కడ నిజంగానే ఒక అంకె ఉంది. అయితే అది ఇక్కడిది కాదని తెలియాలి. ప్రాపర్టీ మీద హ్యాజ్‌వాల్యూపేరెంట్ అనే మెథడ్ ఉంది, విలువ పైనుంచి వస్తోందో లేదో చెప్తుంది. అది ట్రూ అయితే స్లైడర్ కింద చిన్న అక్షరాల్లో 'డెస్క్‌టాప్ నుంచి' అని రాయండి. ఎడిటర్ సొంత కంట్రోల్స్ కూడా ఈ తేడాని లేబుల్ రంగుతో చూపిస్తాయి, మీ కస్టమర్లకి తెలుగులో రాసి ఉంటే ఇంకా తేలిక.

సైట్ అప్పజెప్పే ముందు ఫోన్‌లో ఆ మండపం పేరు రెండు లైన్లుగా విరిగేలా పెట్టి ఒకసారి చూడండి. 'లక్ష్మీ' పై లైన్లో, 'శ్రీ' కింద లైన్లో పడేలా ఏదైనా వాక్యం కొట్టండి. అక్కడ వత్తులు కలవకపోతే మిగతా పేజీలో కూడా చాలావరకు కలవవు.

---

విజయనగరం_వెబ్ జవాబు:

పెట్టి చూశాను అక్కా. హెడ్డింగ్‌కి 1.5, పేరాలకి 1.65 సరిపోయాయి, 360 పిక్సెల్స్ వెడల్పులో కూడా ఎక్కడా తగలడం లేదు. 'డెస్క్‌టాప్ నుంచి' లేబుల్ కూడా పెట్టేశాను. ఇదే పద్ధతిలో లెటర్ స్పేసింగ్, టెక్స్ట్ షాడో కంట్రోల్స్ కూడా మార్చాలి. షాడోలో ఒకే ప్రాపర్టీకి నాలుగు విలువలు ఉంటాయి కదా, దానికి వేరే ప్రశ్న పెడతాను.